సాయంత్రమైతే చాలు, కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్ళీ ఆన్ అవుతోంది. ఏం చూడాలి?

రాజోలు డీటీపీ · సోమవారం ఉదయం 8:52

అందరికీ నమస్కారమండి. రాజోలు దగ్గర చిన్న డీటీపీ సెంటరు నాది. శుభలేఖలు, ఫ్లెక్సీ డిజైన్లు, జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లు చేస్తుంటాను. షాపులో ఉన్నది పాత డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. కొన్నాళ్ళుగా తిక్కతిక్కగా చేస్తోంది. పని మధ్యలో టక్కున ఆగిపోతుంది, వెంటనే దానంతటదే మళ్ళీ ఆన్ అవుతుంది. విండోస్ దెబ్బతిన్నప్పుడు వచ్చే నీలం తెర ఏమీ రాదు. పొద్దున పూట బంగారంలా ఉంటుంది. శ్రావణం ముహూర్తాల కార్డులు ఇప్పుడే మొదలయ్యాయి, టెన్షన్‌గా ఉంది. చూసినతను మదర్‌బోర్డు పోయింది, కొత్త సిస్టం కొనేయండి అన్నాడు. కొనేముందు ఇక్కడ ఒక మాట అడుగుదామని.

అమలాపురం కుర్రాడు · 9:05

అన్నా, ఇది కచ్చితంగా వైరస్. ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా వేసేయండి, దెబ్బకి సెట్ అయిపోద్ది. మా హాస్టల్లో ఏ ప్రాబ్లం వచ్చినా అదే చేస్తాం.

తణుకు సర్వీస్ · 9:40

తమ్ముడూ, ఆగు. హాస్టల్లో ఫార్మాట్ అంటే సినిమాలు పోతాయి. డీటీపీ షాపులో ఫార్మాట్ అంటే ఫాంట్లు, పాత కార్డుల ఫైళ్ళు, ప్రింటర్ సెట్టింగులు అన్నీ పోతాయి. పైగా పొద్దున పడుకుని సాయంత్రం లేచే వైరస్‌ని నేనింతవరకు చూడలేదు.

రాజోలు గారూ, స్క్రూడ్రైవరు పట్టుకోకముందు వీటికి జవాబు చెప్పండి. ఆగిపోయే క్షణంలో మీరు ఏం చేస్తున్నారు? అదే బోర్డు మీద ఇంకేం నడుస్తున్నాయి? యూపీఎస్ ఉందా, ఉంటే బ్యాటరీ ఎప్పుడు మార్చారు? సిస్టం ఆగినప్పుడు లైటు గానీ ఫ్యాను గానీ ఏమన్నా తేడాగా ఉంటోందా?

'మదర్‌బోర్డు పోయింది' అని నా దగ్గరకి వచ్చే సిస్టాల్లో చాలావాటికి మదర్‌బోర్డుతో సంబంధమే ఉండదు. గోడలో ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి లోపలికి రావాలి. మనవాళ్ళు తెర దగ్గర మొదలుపెట్టి ఫార్మాట్ దగ్గర తేలతారు.

హైదరాబాద్‌లో నరసాపురం · 10:15

తణుకు గారి ప్రశ్నలతో పాటు ఇది కూడా చూడండి, పైసా ఖర్చు లేదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. ఎర్ర గుర్తుతో 'కెర్నెల్ పవర్' అని, పక్కన 41 అని కనబడుతుంది. చాలామంది దాన్ని చూసి అదే రోగం అనుకుంటారు. కాదు. 'సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్ళీ లేచాను' అని విండోస్ ఆ తర్వాత రాసుకున్న మాట అది, అంతే.

దాని మీద డబుల్ క్లిక్ చేసి డీటెయిల్స్‌లోకి వెళ్తే 'బగ్‌చెక్ కోడ్' ఉంటుంది. అక్కడ సున్నా కాకుండా వేరే అంకె ఉంటే, నీలం తెర వచ్చింది గానీ మీరు చూసేలోపే రీస్టార్ట్ అయిపోయిందన్నమాట. అప్పుడు డ్రైవర్లు, ర్యామ్ వైపు వెళ్ళాలి. సున్నా ఉంటే కరెంటు మీదా, దాన్ని కంప్యూటర్‌కి సరిపడేలా మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీదా అనుమానం పెరుగుతుంది.

ఎందుకైనా మంచిది, సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్కు తీసేయండి. ఇకపై నీలం తెర వస్తే నిలబడి ఉంటుంది, ఫోన్‌తో ఫోటో తీసి ఇక్కడ పెట్టొచ్చు.

అంబాజీపేట పీచు · 10:48

మాది కొబ్బరిపీచు యూనిట్. ఆఫీసు గది యూనిట్ పక్కనే. మా సిస్టం కూడా ఇలాగే మధ్యాహ్నం దాటాక ఆగేది. మూత తీసి చూస్తే ప్రాసెసర్ ఫ్యాన్ కింద పీచు పొడి దిమ్మ కట్టేసి ఉంది. గాలి పోయే దారే లేదు. ఒకసారి దుమ్ము కొట్టించి చూడండి.

తణుకు సర్వీస్ · 11:20

పీచు గారిది మంచి మాటే గానీ, వేడికి ఆగేదానికి ఒక పద్ధతి ఉంటుంది. ఆన్ చేసిన కాసేపటికి ఫ్యాను గోల పెరుగుతుంది, సిస్టం నెమ్మదిస్తుంది, అప్పుడు ఆగుతుంది. మామూలుగా ఆగి అలాగే ఉండిపోతుంది. వెంటనే ఆన్ చేస్తే మళ్ళీ త్వరగా పోతుంది, కాసేపు చల్లారనిస్తే కొంత సేపు నడుస్తుంది. రాజోలు గారిది ఆగిన వెంటనే దానంతటదే లేస్తోంది. ఆ లేవడం చూస్తే కరెంటు రెప్పపాటు తగ్గి మళ్ళీ వచ్చినట్టుంది.

దుమ్ము కొట్టేవాళ్ళకి ఒక జాగ్రత్త. ప్లగ్గు తీసేసి, బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో గానీ పుల్లతో గానీ కదలకుండా పట్టుకోండి. గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. బయట నుంచే గాలి కొట్టండి. బల్లులు, చీమలు దూరేది ఎక్కువగా ఈ డబ్బాలోకే.

రాజోలు డీటీపీ · మధ్యాహ్నం 1:30

చూశానండి. 41 చాలా ఉన్నాయి. బగ్‌చెక్ కోడ్ అన్నిట్లోనూ సున్నా. టైములు రాసుకుని చూస్తే దాదాపు అన్నీ సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది లోపు. మబ్బు పట్టిన రోజైతే పగలు కూడా ఒకటీ అరా ఉన్నాయి.

యూపీఎస్ ఉంది. బ్యాటరీ మార్చిన గుర్తే లేదు, సిస్టంతో పాటు కొన్నదే. బోర్డు ఒకటే. గోడలో ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాంట్లో యూపీఎస్. యూపీఎస్ వెనక సీపీయూ, మానిటరు, లేజర్ ప్రింటరు. ట్యూబ్‌లైటు మీద పెద్దగా గమనించలేదు.

కాళ్ళ చెరువుగట్టు · 2:05

మబ్బు పట్టిన రోజు అనగానే నాకు అర్థమైపోయిందండి. మీ లైన్లో రొయ్యల చెరువులున్నాయా? పగలు ఎండ బాగా ఉంటే చెరువులో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు మేము తగ్గిస్తాం. పొద్దు గూకితే నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకోవడమే, ఇక తెల్లారేదాకా ఏరేటర్లు ఆడాల్సిందే. మబ్బు పడితే పగలు కూడా ఆపలేం. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద అన్ని చెరువుల మోటార్లు ఒకేసారి అందుకుంటే వోల్టేజి ఎక్కడ నిలబడుతుంది? దాని మీద సాయంత్రం ఇళ్ళల్లో ఏసీలు, మిక్సీలు. మా ఇంట్లో ఆ టైముకి ఫ్రిజ్ స్టెబిలైజర్ టకటకా కొట్టుకుంటుంది.

రాజోలు డీటీపీ · 2:11

అయ్యబాబోయ్. షాపు వెనకాల అన్నీ చెరువులేనండి!

తణుకు సర్వీస్ · 2:50

సరే, లింకు దొరికినట్టుంది. అయినా ఊహ మీద సామాన్లు కొనొద్దు, కొలవండి. టెస్టర్ వెలిగితే కరెంటు ఉన్నట్టు, అంతేగానీ ఎంతుందో అది చెప్పదు. ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ ఉంటుంది, లేదా ప్లగ్గులో గుచ్చితే అంకె చూపించే చిన్న వోల్ట్ మీటర్లు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి. మనకు రావాల్సింది 230. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఏడున్నరకి ఒకసారి, ప్రింటు ఇచ్చే క్షణంలో ఒకసారి చూడండి. ఈ మూడోది ముఖ్యం.

లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్ వెనక ఎందుకు పెట్టారండి బాబూ? దాంట్లో పౌడర్‌ని కాగితానికి అతికించే హీటర్ ఉంటుంది. అది అందుకున్నప్పుడల్లా వందల వాట్లు లాగేస్తుంది. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేదే సుమారు 360 వాట్లు. కరెంటు బాగా ఉన్నంతసేపూ యూపీఎస్ దాన్ని అలాగే దాటించేస్తుంది కాబట్టి మీకు తెలియలేదు. వోల్టేజి పడి యూపీఎస్ బ్యాటరీ మీదకి మారబోయినప్పుడు అక్కడ బ్యాటరీ చచ్చి ఉంటే సిస్టం ఆగక ఏం చేస్తుంది?

బ్యాటరీ పరీక్ష కూడా చేసేయండి. ఫైళ్ళన్నీ సేవ్ చేసి, మూసేసి, ప్రింటర్ ఆపి, యూపీఎస్ ప్లగ్గు గోడలోంచి లాగండి. కనీసం కొన్ని నిమిషాలు నిలబడాలి. వెంటనే పోతే బ్యాటరీ లేనట్టే. లోపల ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. మన ఉక్కపోతలో రెండు మూడేళ్ళు వస్తే గొప్ప. బీప్ బీప్ అని అది మొత్తుకుంటుంటే జనం చేసే మొదటి పని ఆ బీప్ ఆపేయడం.

పాలకొల్లు లెక్కలు · 4:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఆఫీసు సిస్టం ఆగదు గానీ పొద్దున ఆన్ చేస్తే టీ తాగి వచ్చినా లేవదు. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ తెరవడానికి ఇంకో టీ. రోజూ సాయంత్రం చక్కగా షట్‌డౌన్ చేసే వెళ్తాను. క్లీనర్ యాప్ ఏదైనా వేసుకోమంటారా?

హైదరాబాద్‌లో నరసాపురం · 4:45

అక్కా, క్లీనర్లు వద్దు. అవి ఇంకో నాలుగు సామాన్లు వెంటేసుకుని వస్తాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ కింద 'అప్ టైమ్' చూడండి. రోజూ షట్‌డౌన్ చేస్తున్నా అక్కడ చాలా రోజులు కనబడుతుందేమో. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అని పెట్టారు. షట్‌డౌన్ కొడితే విండోస్ గుండెకాయ భాగాన్ని డిస్కులో దాచి, మర్నాడు అదే తెస్తుంది. పాత చిక్కులు కూడా అలాగే వస్తాయి. రీస్టార్ట్ కొడితేనే పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. ఏదైనా తేడా వచ్చినప్పుడు షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్.

తర్వాత పొద్దున లేచేటప్పుడు డిస్క్ దగ్గర ఎంత శాతం ఉందో చెప్పండి.

పాలకొల్లు లెక్కలు · మంగళవారం ఉదయం 9:35

అప్ టైమ్ మీరన్నట్టే రోజులకి రోజులు ఉంది, ఆశ్చర్యం! రీస్టార్ట్ చేస్తే కొంచెం నయం. కానీ డిస్క్ 100 దగ్గర అతుక్కుపోయింది, చాలాసేపు దిగలేదు. సీపీయూలోంచి అప్పుడప్పుడు టిక్ టిక్ అని చిన్న చప్పుడు కూడా.

తణుకు సర్వీస్ · 9:41

టిక్ టిక్ అంటోందా? మేడమ్, ఇంకే పనీ చేయకుండా ముందు ట్యాలీ డేటా ఫోల్డర్ వేరే డిస్కులోకి తీయండి. ఆ తర్వాతే మిగతా మాటలు. హార్డ్ డిస్కులో పళ్ళెం తిరుగుతుంటే దాని మీద సూదిలాంటి హెడ్ కదులుతుంది. అది చోటు దొరక్క వెనక్కీ ముందుకీ కొట్టుకుంటే ఆ చప్పుడు వస్తుంది. ఇవాళ తెరుచుకున్నది రేపు తెరుచుకుంటుందని చెప్పలేం. స్కాన్‌లు, డీఫ్రాగ్‌లు పెట్టి దాన్ని ఇంకా తిప్పొద్దు.

కాపీ అయ్యాక ఆ హార్డ్ డిస్కు తీసేసి దాని చోట ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత సిస్టానికి పెట్టే డబ్బుల్లో ఎస్‌ఎస్‌డీకి పెట్టినంత ఫలితం ఇంక దేనికీ రాదు. తిరిగే భాగాలు లేవు, కరెంటు కుదుపులకి కూడా కొంచెం తట్టుకుంటుంది. ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయించండి, ఆ తర్వాత టీలు తగ్గుతాయి.

పాలకొల్లు లెక్కలు · 11:10

పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, ఇంటి ల్యాప్‌టాప్‌లోకి ఒకటి తీసేశాను. మా సార్‌కి ఆ టిక్ టిక్ వినిపించాను, ఎస్‌ఎస్‌డీకి డబ్బులు వెంటనే సాంక్షన్ అయ్యాయి.

రాజోలు డీటీపీ · రాత్రి 9:25

కొలిచామండి. మధ్యాహ్నం 224 ఉంది. రాత్రి ఏడున్నరకి గోడ ప్లగ్గులో 178. ఎక్స్‌టెన్షన్ బాక్సు దగ్గర ప్రింటు ఇచ్చిన క్షణంలో 160 కిందకి పడింది, ట్యూబ్‌లైటు కూడా ఒక్కసారి వణికింది. ఇన్నాళ్ళూ అది చూడనే లేదు. యూపీఎస్ ప్లగ్గు లాగితే సిస్టం ఆ క్షణంలోనే పోయింది.

ఇంకోటి. ప్లగ్గు పెట్టి ఉన్నప్పుడు సీపీయూ డబ్బా వెనక చెయ్యి తగిలితే జివ్వుమంటోంది. ఇదీ వోల్టేజి వల్లేనా?

తణుకు సర్వీస్ · 10:02

అది వేరే సంగతి, ఇంకా ముందు చూడాల్సింది. ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చేచోట ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ డబ్బాకి చిన్న కెపాసిటర్లు వేస్తారు. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే డబ్బా మీద దాదాపు సగం వోల్టేజి తేలుతూ ఉంటుంది, జివ్వుమనేది అదే. మామూలుగా ప్రాణం తీసేంత కరెంటు కాదు గానీ, అక్కడ ఎర్త్ లేదని మీకు చెబుతోంది. రేపు నిజంగా ఫేజ్ వైరు డబ్బాకి తగిలితే ఫ్యూజ్ కొట్టేయడానికి దారి ఉండదు. యూఎస్‌బీ పోర్టులు, ప్రింటర్ బోర్డులు పోవడానికి కూడా ఇది కారణమవుతుంది.

మీ ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు విప్పి చూడండి. మూడు పిన్నులున్నా లోపల రెండు తీగలే ఉండే బాక్సులు బోలెడు అమ్ముతున్నారు. షాపు ఎర్త్ కూడా చూపించండి. పాత షాపుల్లో ఎర్త్ పైపు దగ్గర నట్టు తుప్పు పట్టి తీగ విడిపోయి ఉంటుంది. సముద్రం దగ్గరైతే మరీను.

ఇక వరుస చెబుతాను. ప్రింటర్ యూపీఎస్ నుంచి బయటికి, వేరే గోడ ప్లగ్గుకి. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ తీసేయండి, లోడు పడినప్పుడు దాంట్లోనే కొన్ని వోల్టులు పోతున్నాయి. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ. మీది వోల్టేజి సరిచేసే ఏవీఆర్ ఉన్న రకమో కాదో వెనక స్టిక్కర్ చూడండి. ఉంటే తక్కువ వోల్టేజిని అదే కొంత ఎత్తి ఇస్తుంది, అస్తమానం బ్యాటరీ మీదకి పోదు. లేకపోతే బ్యాటరీ మార్చినా రోజూ సాయంత్రం దాని మీదే నడిచి మళ్ళీ త్వరగా చచ్చిపోతుంది, అలాంటప్పుడు యూపీఎస్ మార్చుకోవడమే లాభం. మదర్‌బోర్డు జోలికి పోవద్దు.

కాళ్ళ చెరువుగట్టు · 10:20

ఇంట్లో ఇన్వర్టర్ మీద కంప్యూటర్ పెట్టుకునేవాళ్ళకి కూడా ఒక మాట. వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని చిన్న స్విచ్చు ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి బ్యాటరీ అందుకునేలోపు ఫ్యానుకి తెలియదు గానీ కంప్యూటర్ ఆగిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే మార్పు వేగంగా ఉంటుంది. కాకపోతే ఆ మోడ్‌లో వోల్టేజి 180 ప్రాంతానికి దిగితే చాలు బ్యాటరీ మీదకి పోతుంది. మా దగ్గర సాయంత్రాలు అదే గొడవ, పిల్లల ఆన్‌లైన్ క్లాసు టైముకి మారుస్తాం, తర్వాత నార్మల్‌లో పెట్టేస్తాం.

తణుకు సర్వీస్ · 10:31

బాగా చెప్పారు. ఇంకోటి కలుపుతాను. లైట్లు కొన్ని మసకబారి కొన్ని మరీ వెలిగిపోతుంటే అది లో వోల్టేజి కాదు, న్యూట్రల్ లూజు. అప్పుడు మీ ఇంటికి 300 పైన కూడా రావొచ్చు. మెయిన్ ఆపేసి 1912కి ఫోన్ చేయండి. స్టెబిలైజర్ కొందామా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు.

లంక మాస్టారు · బుధవారం ఉదయం 7:15

మీ చర్చ అంతా చదివాను. మాది పి. గన్నవరం వైపు లంక. రెండు సందేహాలు. వేసవి సెలవుల తర్వాత బడిలో కంప్యూటర్లు తెరిస్తే కొన్ని తెర రాకుండా బీప్ బీప్ అంటున్నాయి. ఇంకొన్ని ఆన్ అవుతున్నాయి గానీ ఏ వెబ్‌సైటు తెరిచినా 'కనెక్షన్ సురక్షితం కాదు' అంటున్నాయి.

రెండోది, గోదారి పెరుగుతోంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. మాకు ఆ మాట వినబడితే చాలు, సామాన్లు అటక ఎక్కిస్తాం. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు అటకదాకా మోయలేక వదిలేసిన సీపీయూలు మునిగాయి. మళ్ళీ అలా జరిగితే ఏం చేయాలి?

హైదరాబాద్‌లో నరసాపురం · 8:40

మాస్టారూ, వెబ్‌సైట్ల సంగతి నేను చెబుతాను. కింద కుడి మూల తేదీ చూడండి. ఏ పాత సంవత్సరమో ఉంటుంది. వెబ్‌సైటు ఇచ్చే సర్టిఫికెట్‌కి మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ ఏళ్ళ వెనక ఉంటే దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేస్తే వెంటనే తెరుచుకుంటాయి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది కాబట్టి ప్లగ్గు తీసినప్పుడల్లా తేదీ మళ్ళీ పోతుంది. వాచీల షాపులో కూడా దొరుకుతుంది, మార్చేయండి.

తణుకు సర్వీస్ · 9:30

బీప్ కొట్టేవాటిలో ఎక్కువ భాగం ర్యామ్. బీప్‌ల లెక్క కంపెనీని బట్టి మారుతుంది గానీ, మూసి ఉంచిన గదిలో నెలల తరబడి పడి ఉన్న సిస్టం బీప్ అంటే ముందు ర్యామే చూస్తాను. ప్లగ్గు తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, ర్యామ్ ముక్క బయటికి తీసి, దాని బంగారు రంగు పళ్ళని మెత్తటి రబ్బరుతో మెల్లగా తుడిచి, రబ్బరు పొట్టు ఊదేసి, రెండు పక్కలా క్లిప్పు 'టక్' మనేదాకా నొక్కండి. మన గాలిలో తేమ, మీకు కిందికి వెళ్తే ఉప్పు. వాడని యంత్రానికే అది ఎక్కువ పడుతుంది, రోజూ నడిచేది తన వేడికి తానే ఆరుతుంది. సెలవుల్లో కూడా వారానికి ఒకసారి ఎవరన్నా ఆన్ చేసి గంట ఉంచితే ఈ తిప్పలు తగ్గుతాయి. పిల్లలతోనే చేయించండి మాస్టారూ, ర్యామ్ తీసి పెట్టడం చేత్తో చేస్తే వాళ్ళకి జన్మంతా గుర్తుంటుంది.

వరద సంగతి. మునిగిన సిస్టాన్ని 'ఆన్ అవుతుందేమో' అని ఒక్కసారి కూడా నొక్కొద్దు. చాలావాటిని చంపేది నీళ్ళు కాదు, ఆ నొక్కుడు. ప్లగ్గు తీసి ఉండాలి, చిన్న బ్యాటరీ కూడా పీకేయాలి. బురద ఎండకముందే బోర్డులని మంచినీళ్ళతో కడిగి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నీడలో ఫ్యాను గాలికి రోజుల పాటు ఆరబెట్టండి. ఎండలో వద్దు. ఎస్‌ఎంపీఎస్ పారేయండి, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

హార్డ్ డిస్కులో డేటా కావాలంటే మాత్రం దాన్ని ఆరబెట్టొద్దు, విప్పొద్దు. గాలి ఆడటానికి దానికి చిన్న కన్నం ఉంటుంది, బురద నీళ్ళు దాంట్లోంచి లోపలికి పోతాయి. ఎండితే ఆ మట్టి పళ్ళెం మీద గట్టిపడుతుంది. తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూసి, డేటా రికవరీ చేసేవాళ్ళకి పంపాలి. అది ఖరీదైన పని. అందుకే హెచ్చరిక వచ్చిన రోజు సీపీయూలు మోయలేకపోతే, కనీసం డిస్కులు విప్పి జేబులో వేసుకుని పడవెక్కండి. నాలుగు స్క్రూలు, రెండు వైర్లు.

లంక మాస్టారు · 9:52

ఇది ఇవాళే పిల్లలకి చూపిస్తాను. ధన్యవాదాలు నాయనా.

పాలకొల్లు లెక్కలు · మధ్యాహ్నం 12:40

మళ్ళీ నేనే. మా పక్క సీటు అమ్మాయి సిస్టంలో ఇప్పుడే తెర నిండా ఎర్రగా వచ్చి 'మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి' అంటోంది. కుయ్‌మని సైరన్ కూడా. పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

హైదరాబాద్‌లో నరసాపురం · 12:44

ఫోన్ చేయొద్దు! అది వట్టి వెబ్ పేజీ, ఫుల్ స్క్రీన్‌లో పెట్టారు, అంతే. ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టండి, లేదా ఆల్ట్ ఎఫ్4. పోకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చేయండి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవాలా అంటే వద్దు అనండి. నిజమైన విండోస్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు. ఫోన్ చేస్తే అవతలివాడు తెర చూసే యాప్ ఏదో వేయించి బ్యాంకు తెరవమంటాడు. ఎవరైనా ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

పాలకొల్లు లెక్కలు · 12:51

పోయింది. పిల్ల నవ్వింది.

రాజోలు డీటీపీ · శుక్రవారం రాత్రి 8:35

బ్యాటరీ మార్చాను, నా యూపీఎస్‌లో ఏవీఆర్ ఉందట. ఎక్స్‌టెన్షన్ బాక్సు విప్పితే తణుకు గారన్నట్టే లోపల రెండు తీగలే. తీసి పారేశాను. ఎలక్ట్రీషియన్ కొత్త ప్లగ్ పాయింట్ వేసి ఎర్త్ కలిపాడు, జివ్వుమనడం పోయింది. ఇప్పుడు వెనకాల చెరువుల్లో ఏరేటర్లు ఆడుతున్నాయి, ఇక్కడ కార్డులు ప్రింటు అవుతున్నాయి. నిన్నటి నుంచి కొత్త 41 ఒక్కటీ లేదు.

కాకపోతే ప్రింటర్ చోటు మార్చాక కేబుల్ వేరే పోర్టులో పెట్టాను, 'ఆఫ్‌లైన్' అంది. చూస్తే అదే ప్రింటరు 'కాపీ 1' అని ఇంకో పేరుతో పుట్టింది. పాతదానికి ఇచ్చిన ప్రింట్లన్నీ అలాగే వేలాడుతున్నాయి.

అమలాపురం కుర్రాడు · 8:50

ఇది నాకు తెలుసన్నా, ఈసారి ఫార్మాట్ అననులే. కేబుల్ పాత పోర్టులోనే పెట్టండి, లేదా కాపీ 1ని డిఫాల్ట్ చేసుకోండి. ఇరుక్కున్న ప్రింట్ల కోసం సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ ఫోల్డర్ తెరిచి లోపల ఫైళ్ళు డిలీట్ చేయండి. ఫోల్డర్‌ని కాదు, లోపలివి మాత్రమే. మళ్ళీ స్పూలర్ స్టార్ట్ చేస్తే క్లీన్.

రాజోలు డీటీపీ · 9:04

వచ్చేసింది తమ్ముడూ! ఆఖరుగా ఒకటి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసిందంటున్నారు కదా. నా సిస్టంలో విండోస్ 11 పడుతుందా? నా కార్డులన్నీ పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి.

హైదరాబాద్‌లో నరసాపురం · 9:30

అధికారికంగా పడదు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి. మీది నాలుగో తరం. తిప్పలు పడి వేసేవాళ్ళున్నారు గానీ, బతుకుతెరువు నడిచే సిస్టం మీద ఆ ప్రయోగం వద్దు.

తణుకు సర్వీస్ · 9:55

నేనైతే దాన్ని అలాగే ఉంచి నెట్ కేబుల్ పీకేస్తాను. కార్డులకి మాత్రమే అది. ఆన్‌లైన్ అప్లికేషన్లకి, కస్టమర్ల బ్యాంకు పనులకి విండోస్ 11 ఉన్న సెకండ్ హ్యాండ్ సిస్టం ఒకటి తీసుకోండి, మదర్‌బోర్డుకి పెట్టబోయిన డబ్బులు ఎలాగూ మిగిలాయిగా. పూర్తయిన కార్డుని పాతదాంట్లోనే ఫాంట్లు కలిపి పీడీఎఫ్ చేస్తే కొత్తదాంట్లో అను ఫాంట్లు లేకపోయినా అక్షరాలు చెదరవు. రెండిటి మధ్యా తిరగడానికి ఒక పెన్‌డ్రైవ్ విడిగా పెట్టుకోండి. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు పాతదాంట్లో మాత్రం పెట్టనివ్వొద్దు, ఎంత తెలిసినవాళ్ళైనా సరే. ఫోటోలు వాట్సాప్‌లో పంపమనండి, కొత్తదాంట్లో దించుకోవచ్చు.